పధ్నాలుగు టిక్కీల పడవ

నా జీవితంలో రెండు ఇంజన్ల విషయంలో దెబ్బతిన్నాను. ఒకటి మరీ పెద్దది, ఇంకోటి మరీ చిన్నది. రెండిటికీ మధ్య పదిహేనేళ్ళు. చేసిన తప్పు రెండుసార్లూ ఒకటేనని తెలియడానికి మాత్రం మా నాన్న వచ్చి పడవెక్కాల్సి వచ్చింది.

మొదటిది మా ఊళ్ళో, మార్టూరు దగ్గర. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు గానీ అప్పట్లో ప్రకాశమే. 1999లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చింది, వీసా ఇంకా రాలేదు. ఊరి మీద నాకంటే తెలివైనవాడు లేడని నమ్మే వయసు. మిరప చేలో బోరు మోటారు కాలిపోయింది. ఐదు హెచ్‌పీది. మళ్ళీ ఐదే వేద్దామన్నాడు నాన్న. పక్క చేనువాళ్ళది ఏడున్నర, మనం పది వేద్దామన్నాను నేను. చదువుకున్న కొడుకు మాట కదా, సరేనన్నాడు.

దించిన రోజు పైపు నిండుగా నీళ్ళు దూకుతుంటే గట్టు మీద నిలబడి ఊరంతా చూస్తోందా లేదా అని అటూ ఇటూ చూశాను. అరగంట గడిచేసరికి పైపు దగ్గడం మొదలుపెట్టింది. కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. మోటారు పెద్దదైతే బోరులో ఊట పెరగదు కదా. ఊరే నీళ్ళకంటే తోడే నీళ్ళు ఎక్కువైతే మట్టం మోటారు కిందికి దిగిపోతుంది. సబ్‌మెర్సిబుల్‌ని చల్లగా ఉంచేది చుట్టూ ఉండే నీళ్ళే. అవి లేకపోతే అది తన వేడికి తానే మాడిపోతుంది. పదకొండో రోజు రాత్రి మాడిపోయింది. చిలకలూరిపేటలో వైండింగ్ మేస్త్రి మోటారు విప్పుతూ, తలెత్తకుండానే అడిగాడు: "బోరు ఎంత పోస్తదో కొలిచారా బాబూ?"

కొలవలేదు. ఇంజనీరింగులో హెడ్డు, డిశ్చార్జి లెక్కలు కాగితం మీద వందసార్లు చేశాను. మా బోరు దగ్గర మాత్రం బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లకి నిండుతుందో ఒక్కసారీ చూడలేదు. రెండు తడులు తప్పి మిరప పూత రాలింది. అప్పటికి ఉచిత కరెంటు లేదు, అది 2004లో వచ్చింది. హెచ్‌పీ లెక్కన బిల్లు కట్టాలి గనక ఆ పది హెచ్‌పీ ముచ్చటకి బిల్లు కూడా పెరిగేది. నాన్న పల్లెత్తు మాట అనలేదు. ఐదు హెచ్‌పీ తెచ్చి దింపించాడు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనిపించింది.

అక్కడితో బుద్ధొచ్చిందనుకున్నాను. నిజంగానే వచ్చింది, కాకపోతే తప్పుడు బుద్ధి. "పెద్ద ఇంజను జోలికి పోకూడదు" అనేది నాకు వేదమైపోయింది. కార్లు కొన్నా చిన్న ఇంజనే, ఇంట్లో గడ్డి కోసే మిషను కొన్నా చిన్నదే.

2014లో డల్లాస్‌లో, పిల్లలు పోరు పెడితే పడవ కొందామని బయల్దేరాను. మా ఇంటికి దగ్గర్లో లూయిస్‌విల్ చెరువు. చెరువంటే మన చెరువు కాదు, ట్రినిటీ నది పాయకి ఆనకట్ట కడితే ఏర్పడ్డ జలాశయం. సెకండ్‌హ్యాండ్ పడవల యార్డులో ఒకే రకం పడవలు రెండున్నాయి, రెండూ పద్దెనిమిది అడుగులవే. ఒకదానికి మూడు లీటర్ల, నాలుగు సిలిండర్ల 135 హార్స్‌పవర్ ఇంజను. ఇంకోదానికి ఆరు సిలిండర్ల 190. పడవతో ఏం చేస్తారని అమ్మేవాడు అడిగాడు. "సరదాగా తిరుగుతాం" అన్నాను. పడవ వెనక తాడు పట్టుకుని నీళ్ళ మీద జారే స్కీయింగ్ సంగతి చెప్పలేదు. చెబితే పెద్దది అంటగడతాడని భయం. చిన్న ఇంజనుదాన్ని నేనూ, అతనూ ఇద్దరమే ఎక్కి ఒక చుట్టు తిప్పాం. బాణంలా పోయింది. ఇంకేం కావాలి? చిన్నది కొని, పెట్రోలూ మిగులుతుందని మా ఆవిడకి లెక్కలు చెప్పాను. మీరూ ఇలాగే కొంటారు లెండి. షోరూములో ఒక్కరే కూర్చుని నడిపి చూసి, ఆదివారం అత్తగారి ఊరికి ఏడుగురిని ఎక్కిస్తారు.

ఆ జూన్‌లో నాన్న వచ్చాడు. కాయ కోసి, గుంటూరు యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, అమ్మేసి, ఆ ఖాళీలో వచ్చాడు. పడవలో నేను, మా ఆవిడ, నాన్న, బావమరిది, అతని భార్య, ఇద్దరు పిల్లలు. స్టీరింగ్ పక్కన ఏడుగురికి మించొద్దని ప్లేటుంది, సరిగ్గా ఏడుగురమే. పులిహోర డబ్బా, ఐసుపెట్టె, స్కీలు, తాళ్ళు సరేసరి. ట్యాంకు నిండా పెట్రోలు.

ముందు బావమరిది నీళ్ళలోకి దిగాడు. తొంభై అయిదు కిలోల మనిషి. స్కీలు తొడుక్కుని, తాడు పట్టుకుని, "కానీ బావా!" అన్నాడు. థ్రాటిల్ మొత్తం నెట్టాను. ఇంజను అరిచింది. పడవ ముక్కు ఆకాశానికి లేచింది, నాకు ముందేముందో కనపడలేదు. వెనక భాగం నీళ్ళలోకి కుంగింది. వేగం మాత్రం రాలేదు. వెనక్కి చూస్తే బావమరిది లేవడం లేదు. మడుగులోంచి తాడేసి లాగుతున్న గేదెలా నీళ్ళు తాగుతూ వస్తున్నాడు. మూడుసార్లు ప్రయత్నించాం. నాలుగోసారి తాడు వదిలేసి, చేతులు జోడించాడు.

పడవ నీళ్ళ మీద తేలిపోతూ పరిగెత్తాలంటే ముందు తను లేపిన అలనే తను ఎక్కి దాటాలి. ఎక్కేదాకా బోలెడు బలం కావాలి, ఎక్కాక ఆ బలంలో కొంత చాలు. మా పడవ ఆ మెరక దగ్గరే ఆగిపోతోంది.

లైఫ్‌జాకెట్ వేసుకుని ముందు సీట్లో కూర్చున్న నాన్న అంతసేపూ వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతున్నాడు. ఇంజను ఆపాక అన్నాడు.

"మనుషులే పదకొండు టిక్కీలురా. పెట్రోలు దగ్గర దగ్గర రెండు. సామాను ఇంకోటి. పధ్నాలుగు టిక్కీలు ఎత్తి మెరకెక్కమంటే ఇది ఎక్కుద్దా? కొనేటప్పుడు ఎందరం ఎక్కుతామో చూసుకున్నావా?"

నాకు వైండింగ్ షాపు వాసన కొట్టింది. నిజంగా, ఆ చెరువు మధ్యలో, కాలిన వార్నిషు వాసన. "ఎంత పోస్తదో కొలిచారా బాబూ?" అప్పుడు పది అనే అంకె చూసి మురిశాను, ఇప్పుడు 135 అనే అంకె చూసి మురిశాను. బోరునీ అడగలేదు, బావమరిదినీ అడగలేదు. పదిహేనేళ్ళుగా నేను నేర్చుకున్నాననుకున్న పాఠం పక్క పేజీలోది.

తర్వాత ఎవరో చెబితే 19 అంగుళాల పిచ్ ఉన్న ప్రొపెల్లరు తీసి 17ది వేయించాను. పిచ్ అంటే మర ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ఎంత ముందుకు పోవాలనేది. తగ్గిస్తే ట్రాక్టరు చిన్న గేరులో వేసినట్టు, ఎత్తుకోవడం తేలిక, పై వేగం తగ్గుతుంది. పిల్లలు లేచారు. బావమరిది లేవలేదు. మిగులుతుందన్న పెట్రోలూ మిగల్లేదు. ఎప్పుడూ పూర్తి థ్రాటిల్ మీదే నడిస్తే ఏం మిగులుతుంది?

మూడేళ్ళకి అమ్మకానికి పెట్టాను. ఒకాయన వచ్చి ముందే హార్స్‌పవరెంత అని అడిగాడు. మీ ఇంట్లో ఎందరని నేనడిగాను. వింతగా చూసి, తనూ, తన అన్నా ఇద్దరమేనని, చేపలు పట్టుకోవడానికని చెప్పాడు. చేపలకైతే భేషుగ్గా ఉంటుందన్నాను. ఆ పడవ గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే అనుకుంటా.