కంప్యూటర్‌లో సామాన్లు సర్దిన ఆదివారం

మా ఇంటి కంప్యూటర్‌ని 2007లో విశాఖపట్నంలో కొన్నారు. తర్వాత నాన్నగారి బదిలీతో అదీ మాతోపాటు నాగపూర్ వెళ్లింది. ఇప్పుడు జోధ్‌పూర్‌లో దుమ్ము పీలుస్తోంది. బదిలీ అయిన ప్రతిసారీ అమ్మ దానికి రెండు బొంతలు చుట్టి, అట్టపెట్టె మీద 'జాగ్రత్త' అని మూడు భాషల్లో రాస్తుంది.

ఈ మార్చిలో మళ్లీ ఆర్డర్ వచ్చింది. ఈసారి గౌహతి. "ఈ డబ్బాని అంత దూరం మోయడం దేనికి? కబాడీవాడికి ఇచ్చేద్దాం" అన్నారు నాన్న. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. స్విచ్ వేసి, వీధి చివరికి వెళ్లి పాల ప్యాకెట్లు తెచ్చినా తెర మీద ఇంకా గుర్తులు వస్తూనే ఉంటాయి. లోపల డిస్కు మాత్రం కరకరమంటూ ఉంటుంది.

మేమంటే అక్కాతమ్ముళ్లం, పదో తరగతి ఒకరు, ఏడో తరగతి ఒకరు. మేం ఒప్పుకోలేదు. దానికో కారణం ఉంది. విశాఖలో ఉన్నప్పుడు బాబాయి తన హ్యాండీక్యామ్‌తో నాయనమ్మని వీడియో తీశాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు. అందులో ఆవిడ ఆవకాయ కలుపుతూ, మమ్మల్ని తిడుతూ, మధ్యలో ఒక కథ చెబుతుంది. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ గొంతు ఉన్నది ఆ డిస్కులోనే. అది కూడా ఆగి ఆగి వస్తుంది. కథలో రాజుగారు తలుపు తీసేలోపు బొమ్మ నాలుగుసార్లు బిగుసుకుపోతుంది.

"వచ్చే ఆదివారం దాకా చూడండి, బాగుపడితే సరే" అన్నారు నాన్న.

మా స్కూల్లో కంప్యూటర్ సార్‌ని అడిగితే, ముందు డిస్కు ఎలా నిండి ఉందో చూడమన్నారు. బదిలీలు తెలిసిన మనకి ఆయన చెప్పిన సంగతి వెంటనే అర్థమవుతుంది. ట్రంకు పెట్టెలు దాదాపు నిండిపోయాక కొత్తగా ఒక పరుపుచుట్ట వస్తే ఏం చేస్తాం? దుప్పటి ఒక పెట్టెలో, దిండు ఇంకో పెట్టెలో, తొడుగులు గిన్నెల మధ్య కుక్కుతాం. కొత్త ఇంట్లో మొదటి రాత్రి పడుకోవాలంటే నాలుగు పెట్టెలు తెరవాలి. డిస్కు కూడా అంతే. ఒకచోట చోటు దొరక్కపోతే ఫైలుని ముక్కలు చేసి, ఖాళీ ఉన్న సందుల్లో పెడుతుంది. చదివేటప్పుడు లోపలున్న సూది లాంటి చేయి ఒక్కో ముక్క దగ్గరికీ పరుగెత్తాలి. ఆ ముక్కల్ని మళ్లీ వరసగా పేర్చడమే డీఫ్రాగ్మెంటేషన్. స్కూల్ ల్యాబ్‌లోని విండోస్ 7 ఆ పని వారానికోసారి దానంతట అదే చేసుకుంటుంది. మా ఎక్స్‌పీకి మనం చెప్పాలి.

ఎక్స్‌పీలోనే అలాంటి సాధనం ఒకటి ఉంది. దాన్ని నడిపాం. అది గీతల పటం గీసి చూపించింది. ముక్కలైనవి ఎరుపు, వరసగా ఉన్నవి నీలం, కదపకూడనివి ఆకుపచ్చ, ఖాళీ తెలుపు. మా పటం హోలీ మర్నాటి చొక్కాలా ఉంది. తెలుపు దాదాపు లేదు. 15 శాతం ఖాళీ ఉంటే గానీ పని సరిగా చేయలేనని చెప్పింది. 55 జీబీ భాగంలో మాకు మిగిలింది 3 జీబీ.

అప్పుడు ఉచితంగా దొరికేవాటి మీద పడ్డాం. ఇక్కడ ఒక దెబ్బ తిన్నాం. 'ఉచితం' అని రాసి ఉన్న ఒకదాన్ని ఎక్కించాం. అది వందల లోపాలు ఉన్నాయని బెదిరించి, సరిచేయాలంటే డబ్బు కట్టమంది. పైగా బ్రౌజర్ నెత్తిన ఒక కొత్త పట్టీ కూర్చోబెట్టి పోయింది. దాన్ని తీసేయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ తర్వాత ఏది ఎక్కించినా ప్రతి పెట్టెలోని టిక్కు చదవకుండా 'నెక్స్ట్' నొక్కలేదు.

మూడు మిగిలాయి. మైడీఫ్రాగ్ చాలా తెలివైనది. ఎక్కువగా వాడే ఫైళ్లని డిస్కులో వేగంగా చదవగలిగే భాగానికి చేరుస్తుంది. కానీ రాత్రంతా నడవాలి. అల్ట్రాడీఫ్రాగ్ విండోస్ పూర్తిగా లేవకముందే పని మొదలుపెట్టి, మామూలుగా కదలని ఫైళ్లని కూడా సర్దగలదు. మాకు నచ్చింది డీఫ్రాగ్లర్. ఏ ఫైలు ఎన్ని ముక్కలైందో పేరుతో సహా చూపిస్తుంది. కావాలంటే ఒక్క ఫైలునే సర్దుతుంది. జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది నాయనమ్మ వీడియోనే. వెయ్యికి పైగా ముక్కలు!

మాలో చిన్నవాడు వెంటనే బటన్ నొక్కబోయాడు. పెద్దది చేయి పట్టుకుంది. అమ్మ కూడా వంటింట్లోంచే అడిగింది, "మధ్యలో కరెంటు పోతే?" అని. సార్‌కి ఫోన్ చేశాం. ఈ సాఫ్ట్‌వేర్లు ఫైలుని కదపమని విండోస్‌నే అడుగుతాయట. విండోస్ కొత్త చోట రాసుకున్నాకే పాత చోటు వదులుతుంది కాబట్టి కరెంటుకి అంత భయం లేదట. అసలు భయం డిస్కే పాడై ఉంటే! పాడైన డిస్కుని అంతసేపు పరుగెత్తిస్తే ఉన్నది కూడా పోవచ్చు. అందుకని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో డిస్కు ఆరోగ్యం చూశాం. నీలం రంగులో 'గుడ్' అని వచ్చింది. అయినా ముందు వీడియోని నాన్న పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం. 2 జీబీ. ఆ గీత పూర్తిగా నిండేదాకా ఇద్దరం కుర్చీ దిగలేదు.

తర్వాత ఖాళీ చేయడం. ఇదే అసలు యుద్ధం. ఏం వదిలేయాలి? ప్రతి బదిలీకీ అమ్మ అడిగే ప్రశ్నే ఇది. మేం ఎప్పుడూ జవాబు చెప్పం. చెప్పకపోతే ఆవిడే తేల్చేస్తుంది. అలా నాగపూర్‌లో మా క్యారమ్ బోర్డు పోయింది. ఈసారి మేమే తేల్చాలి. ఒకరి క్రికెట్ ఆట, ఇంకొకరి సినిమాలు, ఎవరూ ఒప్పుకోని పాత ప్రాజెక్టులు. గంటసేపు దెబ్బలాడి దాదాపు ఐదున్నర జీబీ తీసేశాం. క్రికెట్ ఆటని తీసేసినవారు ఆ పూట అన్నం తినలేదని ఇక్కడ రాయకూడదని షరతు పెట్టారు. రాశాం.

ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నడిచింది. ఎర్ర గడులు ఒక్కొక్కటే నీలమవుతుంటే చూడటం బాగుంది. మరి వేగం? నిజం చెబుతున్నాం, కొత్తదైపోలేదు. ఏడు నిమిషాలు పట్టేది ఐదుకి తగ్గింది. స్విచ్ వేయగానే లేచే అనవసరమైన ప్రోగ్రాములు ఆపేశాక మూడున్నరకి వచ్చింది. పైమూత తీసి ఫ్యానుకి పట్టిన ఎడారి దుమ్ము బ్రష్‌తో దులిపాక గురకా తగ్గింది. డీఫ్రాగ్ వల్ల మాకు నిజంగా ఒరిగింది ఆ ఒక్క ఫైలు దగ్గరే.

రాత్రి నాన్న చేతిలో టేపు చుట్టతో వచ్చారు, పెట్టె మూయడానికి. మేం వీడియో పెట్టాం. రాజుగారు తలుపు తీశారు. ఎక్కడా ఆగలేదు. ఆ కథ చివర్లో నాయనమ్మ నాన్నని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచి "ఆ ఉప్పు డబ్బా ఇటియ్యరా" అంటుందని మాకిన్నాళ్లూ తెలీదు. అంతదూరం ఎప్పుడూ ఆడలేదు మరి. నాన్న టేపు చుట్ట కింద పెట్టి, మళ్లీ మొదటినుంచి పెట్టమన్నారు.

అమ్మ లోపలికి వెళ్లి రెండు బొంతలూ తెచ్చింది. మీరు ఇది చదివేసరికి కంప్యూటర్ గౌహతి ట్రక్కులో ఉంటుంది. పెన్‌డ్రైవ్ మాత్రం అమ్మ చేతిసంచిలో ఉంది.