మా ఇంటి పరమాణువు

దసరా సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ, మూడు రోజులూ గోడవైపు తిరిగి పడుకోవడమే. గారెలు వేస్తే ఆకలి లేదంది. ఏమైందే అంటే, "ఫిజిక్స్ అమ్మా. నీకర్థం కాదులే" అంది.

చురుక్కుమంది నాకు. నిజమే, నేను చదివింది బి.ఏ. తెలుగు. సంధులూ సమాసాలూ అయితే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పిల్ల మొహం అలా ఉంటే ఊరుకోబుద్ధి అవుతుందా? మధ్యాహ్నం చిక్కుడుకాయలు ముందేసుకుని దాని పక్కన కూర్చున్నాను. "పోనీ, నాకర్థమయ్యేలా చెప్పు. పరమాణువులో ఏముంటుంది?"

విసుక్కుంటూనే లేచింది. "మధ్యలో కేంద్రకం. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. చుట్టూ ఎలక్ట్రాన్లు. ప్రోటానుది ధనావేశం, ఎలక్ట్రానుది ఋణావేశం. ప్రోటాను 1836 రెట్లు బరువు."

"అయితే మీ నాయనమ్మ ప్రోటాను" అన్నాను గొంతు తగ్గించి. "ఇంటి నడిమధ్య మంచం మీద కూర్చుంటారు, బరువంతా ఆవిడదే. నేను ఎలక్ట్రాన్ని. తెల్లారి ఐదింటి నుంచి చుట్టూ తిరిగేదీ నేనే, ఋణావేశం అని పేరు పడేదీ నాకే."

దాని పెదవి కొస కదిలింది. "ఎలక్ట్రాను ఏ క్షణాన ఎక్కడుందో కచ్చితంగా చెప్పలేరమ్మా. ఇక్కడుండొచ్చు అని అంచనా వేస్తారంతే."

"మీ నాన్నని అడుగు, నా గురించి అదే చెబుతారు."

"మరి తాతయ్య?"

"ఏ ఆవేశమూ లేకుండా ప్రోటాను పక్కనే ఉండేదెవరూ?"

"న్యూట్రాను!" అని చప్పట్లు కొట్టింది. "కేంద్రకం వదిలి ఒంటరిగా బయటికొస్తే న్యూట్రాను సగటున పావుగంటలో విరిగిపోతుంది తెలుసా?"

ఎందుకు తెలియదు? మొన్న అత్తయ్యగారు పెళ్ళికని వినుకొండ బయల్దేరితే, బస్సు నరసరావుపేట దాటిందో లేదో, "మీ అత్తయ్య ఎప్పుడొస్తానంది?" అని మామయ్యగారు నన్ను మూడుసార్లు అడిగారు. ఈ సంగతి చెప్పగానే నవ్విందండీ! నాలుగు రోజుల్లో మొదటిసారి.

ఇక ఆగలేదు. న్యూట్రినో అని ఒకటుందట. సూర్యుడి నుంచి బయల్దేరినవి మన బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకి 6,500 కోట్ల దాకా దూసుకుపోతాయట. దేన్నీ ముట్టుకోకుండానే దాదాపు అన్నీ అవతలికి పోతాయట. తిన్న కంచం కూడా కదపకుండా ఇల్లు దాటిపోయే మనిషి మాకూ ఒకరున్నారని ఇద్దరం ఒకేసారి అనుకున్నాం. గాలి పొరల్లో పుట్టే న్యూట్రినోల జాడని 1965లో మన చిత్తూరు పక్కనున్న కోలారు బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకి పైగా లోతున పట్టుకున్నారట. కె.జి.ఎఫ్. అంటే సినిమా అనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోనులో వెతికాను. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద గురించి దొరికింది. సన్యాసం తీసుకుని హిమాలయాల్లో తపస్సు చేసిన మనిషి, తర్వాత లివర్‌పూల్ వెళ్ళి, 1932లో న్యూట్రాన్ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధన చేశారు. తిరిగొచ్చి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర విభాగం నెలకొల్పారు. సంసారం వదిలేసి, పరమాణువుల సంసారంలో పడ్డారన్నమాట. ఇంకోటి చదివి పొంగిపోయాను. ప్రోటాను లోపల ఉండే క్వార్కులకి ఆ పేరు రాసే తీరు గెల్‌మన్ అనే శాస్త్రవేత్త జేమ్స్ జాయిస్ నవల్లోంచి తెచ్చుకున్నాడట. చూశారా, ఎంత ఫిజిక్స్ అయినా పేరు కోసం సాహిత్యం గుమ్మం ఎక్కాల్సిందే!

పొద్దున్నే కాఫీతో పాటు ఇవన్నీ చెప్పాను. కాసేపు నన్నే చూసి, అప్పుడు క్వార్కుల గురించి అది మొదలుపెట్టింది. ప్రోటానులో మూడుంటాయి, మన కోటప్పకొండకి మూడు శిఖరాల్లా. దగ్గరగా ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి పట్టించుకోనట్టు తిరుగుతాయి. దూరంగా లాగబోతే మాత్రం పట్టు వదలదు. ఒంటరిగా ఉన్న క్వార్కుని ఎవరూ చూడలేదట.

అక్కడ ఆగింది. "ముప్పైకి ఏడే వచ్చాయమ్మా. అక్కడ ఉండలేకపోతున్నా" అంది.

అప్పుడర్థమైంది, గోడకి ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నదేమిటో. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఏం చెప్పాలో తోచలేదు.

సాయంత్రం వాళ్ళ నాన్నకి అదే చెప్పింది, వణుకుతూ. ఆయన పేపరు మడిచారు. "నాకు ఇంటర్‌లో ఒకసారి ఐదొచ్చాయి. మీ నాయనమ్మకి ఇప్పటికీ చెప్పలేదు" అని, లేచి వెళ్ళి దానికి నీళ్ళు తెచ్చిచ్చారు. లక్షల కోట్లలో ఒక్క న్యూట్రినో తగులుతుందట. ఆ వేళ మా ఇంట్లో తగిలింది. సంక్రాంతి దాకా చూద్దాం, అప్పటికీ కుదరకపోతే ఇంటికొచ్చి ఇక్కడే చదువుకుందువు గాని అన్నారు.

వెళ్ళేముందు ఒక మంచిమాట చెప్పింది నాకు. ప్రోటాను బరువులో ఆ మూడు క్వార్కుల సొంత బరువు నూటికి ఒక వంతేనట. మిగతాదంతా వాటి కదలికా, వాటిని పట్టి ఉంచే శక్తీ. నా అరవై ఎనిమిది కిలోల్లో అసలు సరుకు కిలో కూడా లేదు, మిగిలిందంతా బంధమే! గారెలదీ తప్పు లేదు, నాదీ లేదు.

బస్టాండులో దాని సంచీలో కందిపొడి, ఆవకాయ పెట్టి ఒప్పందం చేసుకున్నాం. ప్రతి ఆదివారం ఫోనులో ఆ వారం అర్థంకాని పాఠం నాకు చెప్పాలి. నాకు అర్థమైతే దానికి వచ్చినట్టే. హాస్టల్‌లో ఫోను ఇచ్చేది పావుగంటే. ఆదివారం పొద్దుటి నుంచీ ఫోను చేతిలో పట్టుకుని మంచం చుట్టూ తిరుగుతుంటాను. మామయ్యగారు మాత్రం, "ఇంకా రాలేదా అమ్మాయి ఫోను?" అని పావుగంటకోసారి అడుగుతూనే ఉంటారు.