జహీరాబాద్‌లో పద్మినికి మేకప్!

హీరో కారు నడుపుతుంటాడు. పక్కన హీరోయిన్. మీరు ఎవర్ని చూస్తారు? నిజం చెప్పండి! నేనూ అంతే. ఇన్నేళ్ళుగా సినిమాల గురించి రాస్తున్నానే గానీ, ఆ ఇద్దరి ముందూ డాష్‌బోర్డు అనేదొకటి ఉంటుందని ఏనాడూ పట్టించుకోలేదు. మొన్న జహీరాబాద్‌లో మూడు రోజులు గడిపి వచ్చాక మాత్రం కారు సీను వస్తే చాలు, నా కళ్ళు తిన్నగా అక్కడికే పోతున్నాయి!

కథ ఇదీ. ఒక చిత్రానికి (పేరు ఇప్పుడే రాయొద్దన్నారు) 1970ల చివరి నాటి కారు కావలసి వచ్చింది. మా చిన్నాయన దగ్గర 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉందని నేనే నోరు జారాను. ఫొటోలు పంపాను. బండి నచ్చింది. మర్నాడే ఆర్ట్ డైరెక్టర్ గారి ఫోను.

"అంతా బాగుంది గానీ, ఆ డాష్‌బోర్డు ఎండిన చెరువులా ఉందేమిటండీ? కెమెరా సరిగ్గా అక్కడే పెడతాం. పది రోజుల్లో బాగు చేయిస్తే సరే, లేకపోతే ఇంకో బండి చూసుకుంటాం."

చిన్నాయనకి ఆ అద్దె డబ్బు ఊరికే వచ్చే డబ్బు కాదు. ఇంజను పొగ కక్కుతోంది. పని చేయించకపోతే బండిని పాత ఇనుముకి వేసేద్దామని కొడుకు ఏడాదిగా పోరుతున్నాడు. అద్దె వస్తే ఇంజను పని అవుతుంది, రాకపోతే తూకానికి పోతుంది. అదీ సంగతి!

హైదరాబాద్‌లో బస్సెక్కాను. పటాన్‌చెరు, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట దాటుకుంటూ నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. మచిలీపట్నం నుంచి పూణె దాకా పోయే రోడ్డు ఇది. మన చిన్నప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. సదాశివపేట దాటాక నేల రంగు మారుతుంది. ఎర్రమట్టి, చెరకు తోటలు, దాబాల ముందు బారులు తీరిన లారీలు. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం. బీదర్ పక్క ఊరి లెక్క. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉన్న జహీరాబాద్ 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఇక్కడ టీ బంకు దగ్గర నిలబడితే ఒకే మనిషి నోట తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి.

బళ్ళ గురించి మాట్లాడాలంటే తగిన ఊరే మరి! 1980లలో హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు జపాన్ నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు తయారుచేసింది ఇక్కడే. తరవాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు ట్రాక్టర్లు కూడా ఇక్కడ తయారవుతున్నాయి.

చిన్నాయన బండి మాత్రం బొంబాయిది. అక్కడి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఇటలీ ఫియట్ నమూనాతో 1964 నుంచి చేసిన కారే తరవాత ప్రీమియర్ పద్మిని అయింది. ఎన్ని పేర్లు మార్చినా జనం నోట అది ఫియటే! గేరు రాడ్డు స్టీరింగు పక్కనే. ముందు సీటు బెంచీలాగా ఒకటే. హీరో హీరోయిన్ల మధ్య అడ్డం లేని సీటు! మన దర్శకులకి అది అంతగా ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా? ఈ శతాబ్దం మొదట్లోనే తయారీ ఆగిపోయింది. 2023 అక్టోబరులో బొంబాయి రోడ్ల మీది ఆఖరి పద్మిని టాక్సీ కూడా సెలవు తీసుకుంది.

చిన్నాయన 1986లో సెకండ్ హ్యాండులో కొని, జహీరాబాద్, బీదర్ మధ్య టాక్సీగా తిప్పాడు. పెళ్ళిళ్ళకీ, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దర్శనాలకీ, పురుళ్ళకీ అదే బండి.

దాన్ని హైవే పక్కన సీటు కవర్లు కుట్టే ఒక చిన్న షాపుకి తీసుకెళ్ళాం. షాపు పెద్దాయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. తలుపు తీసి, కళ్ళద్దాలు సవరించుకుని, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు, డాక్టరు రోగి పొట్ట నొక్కి చూసినట్టు. రెండు పగుళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకి. ఎడమ మూలన మూడోది, చిన్నది.

"ఎందుకు పగిలింది ఉస్తాద్?" అన్నాను.

"ఎండకు మనిషి తోలే పగులుతది బేటా, ఇదెంత! ఈ పైపొర గట్టి ప్లాస్టిక్కే. అందుల నూనె లెక్క ఒక మందు కలుపుతరు, మెత్తగుండెతందుకు. అద్దం ల నుంచి ఎండ పడ్డకొద్దీ ఆ మందు ఎగిరిపోతది. ముందు అద్దానికి లోపల దిక్కు జిడ్డు పడుతది చూసినవా? గదే అది. మందు పోతే తోలు గుంజుకుంటది. యాడ స్క్రూ ఉన్నదో, యాడ రంధ్రం ఉన్నదో, ఆడ చిట్లుతది."

"మార్చేస్తే?"

"బొంబాయి నుంచి ఫైబర్‌ది తెప్పిస్త. రెండు దినాలల్ల బిగిస్త. తళతళ మెరుస్తది. గానీ అద్దం మీద దాని నీడ పడుతది. మీ కెమెరాకు హీరో మొఖం కనబడదు, డాష్‌బోర్డే కనబడుతది!"

సినిమాతో ఏ సంబంధమూ లేని మనిషి ఎంత మాటన్నాడో చూశారా? పైన రెగ్జిన్ తొడగడం ఇంకో దారి. కానీ లోపల స్పాంజి పొడి పొడిగా రాలుతోంది. దాని మీద తొడిగితే ఆర్నెల్లకే ముడతలు పడుతుందట. మిగిలింది ఉన్నదాన్నే బాగుచేయడం. "మూడు దినాలు పడుతది. తొందర జెయ్యొద్దు," అన్నాడు ఉస్తాద్.

మొదటి రోజంతా కడగడమే! ఏళ్ళ తరబడి పూసిన పాలిష్ పోతే తప్ప రంగు పట్టదట. తరవాత ఒక్కో పగులు చివరా సూదంత బెజ్జం పెట్టాడు. అది పగులును అక్కడితో ఆపుతుందట! పగులు అంచుల్ని బ్లేడుతో ఏటవాలుగా కోసి, అడుగున జాలీ గుడ్డ అంటించి, సాగే గుణమున్న మందు పొర మీద పొర నింపాడు. బాడీకి వాడే పుట్టీ పెట్టొచ్చుగా అంటే నవ్వాడు. "పుట్టీ రాయి లెక్క. బండి అదిరితే, ఎండ గొడితే మళ్ళ చిట్లుతది. తోలు సాగితే మందు గూడ సాగాలె."

రెండో రోజు సాయంత్రం ఎడమ మూలకొచ్చాడు. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒకసారి తుడిచి, దూదిని పైకెత్తి చూశాడు. పచ్చగా ఉంది!

"ఆగు!" అన్నాడు చిన్నాయన.

అంతవరకూ స్టూలు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న మనిషి లేచి వచ్చాడు. అది చిన్నమ్మ కూర్చునే వైపు. ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రతి దసరాకీ ఆమె అక్కడే పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆ పసుపే పగుల్లోకి దిగింది. ఆమె 2019లో పోయింది.

"గా మూల వదిలేయ్ ఉస్తాద్."

నాకు గుండె జారిపోయింది. "చిన్నాయనా, పగుళ్ళుంటే బండి వద్దన్నారు కదా! ఇంజను పని..."

"నాకు తెల్వదారా? వద్దంటే వద్దనని. ఉన్నదున్నట్టు చెప్పు. దాసిపెట్టి ఇయ్యకు."

ఉస్తాద్ ఏమీ అనలేదు. దూది పక్కన పెట్టి, ఆ మూల చుట్టూ టేపు అంటించాడు. పగులు ఇంకా పాకకుండా చివర సూది బెజ్జం మాత్రం పెట్టాడు. నేను రోడ్డు మీదికొచ్చి ఫొటో పంపి ఆర్ట్ డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను. లారీల హోరులో గొంతు చించుకుని సంగతంతా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత తాపీగా అన్నారు:

"కెమెరా ఆ వైపు కిటికీలోంచి హీరో మీదికి పెడతామండీ. ఆ మూల ఫ్రేములోకే రాదు. ఉంచమనండి."

పసుపు గురించి ఒక్క ముక్క అనలేదు. లోపలికొచ్చి చెబితే చిన్నాయన తలూపి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. కానీ ఆరిపోయిన బీడీని మళ్ళీ వెలిగించడానికి మూడు పుల్లలు గీశాడు!

మూడో రోజు గరుకు కాగితంతో రుద్ది, మెరుపు లేని నల్ల రంగు పిచికారీ చేశాడు ఉస్తాద్. మెరిసేది వద్దని తనే పట్టుబట్టాడు. షూటింగ్ రోజున చెరకు తోటల పక్క రోడ్డు మీద కెమెరామన్ గారు అద్దంలోంచి అటూ ఇటూ చూసి, "నీడ పడట్లేదు, ఓకే!" అన్నారు. ఆ మాట ఫోన్లో ఉస్తాద్‌కి చేరవేస్తే, "నేను చెప్పలే?" అన్నాడు.

అద్దె అందింది. ఇంజను ఇప్పుడు విప్పి ఉంది.

ఆ చిత్రం మీ ఊరికి వచ్చినప్పుడు చూడండి. హీరో చెయ్యి స్టీరింగు మీద, కింద నల్లటి డాష్‌బోర్డు, ఎక్కడా గీత కూడా కనబడదు. ఎడమ మూల ఎలాగూ తెర మీదికి రాదు. మొన్న దసరాకి చిన్నాయన అక్కడ తనే పసుపు రాశాడు.