విశాఖరేవు మన్ను

విశాఖపట్టణమునకు బోయినవారందఱు సముద్రమును జూచి వత్తురు. రేవునుండి తీసిన మన్నేమగుచున్నదని విచారించువా రరుదు. గడచిన వేసవిసెలవులలో మేము కుటుంబముతో నచట పదిదినము లుంటిమి. ఆ మన్ను గృహిణులకును బట్టెడి విషయమని తోచినందున నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

డాల్ఫిన్ నోస్ అని పేరొందిన యారాడకొండ సముద్రములోనికి ముక్కువలె చొచ్చుకొనియున్నది. దాని చాటున నేడోడలు నిలుచు లోపలిరేవు, ఒకప్పుడు మేఘాద్రిగెడ్డ కడలిలో గలియు నుప్పుబురదనేల. దానిని ద్రవ్వి రేవు గావించిరి. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను నోడ మొట్టమొదట లోన బ్రవేశించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను. త్రవ్విన మంటితో జుట్టునున్న పల్లపుభూములను మెరకచేసిరి. గోతిలో మన్ను గట్టునకు గూడ బనికివచ్చినది.

ఒకమాఱు త్రవ్విన జాలదా యందురేమో. ఈ తీరమున నలలతో గూడి యిసుక దక్షిణమునుండి యుత్తరమునకు నడచుచుండును. రేవుముఖము దానిని బట్టుకొనును. దాని నడ్డగించుటకై యానాడు ‘జానస్’, ‘వెల్లెడ్సన్’ అను రెండు పాతయోడలను ముంచి కట్టడముగా జేసిరి. అయినను ఇసుక పేరుకొనుట మానలేదు. రేవులో నిసుక చిక్కుకొన్న కొలది, ఉత్తరముననున్న రామకృష్ణా బీచి కోతకు లోనగును. అందుచే త్రవ్వోడ తీసిన యిసుకను గొట్టములద్వారా యా తీరమునకే చేర్చుచుందురు. మన బిడ్డలు గూళ్లు గట్టుకొని యాడెడి యిసుకలో నిట్లు వచ్చినదియు గలదు.

ఇంతవఱకు సంతోషమే. కాని యిసుక వేఱు, బురద వేఱు. సముద్రపుటిసుక ముతక, మాలిన్యము దానిని బెద్దగా నంటదు. రేవు లోపలి మెత్తని నల్లబురద యట్టిది కాదు. ఊరి మురికికాలువలు, ఓడల నూనె, ఖనిజపుధూళి, రాలిన రంగులు దానిలో జేరును. ఓడల యడుగున గవ్వపురుగులు పట్టకుండ బూసెడి తగరపు విషపురంగు 2008లో లోకమంతట నిషిద్ధమైనను, పాతరేవుల బురదలో మునుపటి శేషము నిలిచియుండవచ్చును.

ఆ బురద నీటియడుగున నున్నంతకాలము సీసము మొదలగు లోహములు గంధకముతో ముడివడి కదలక యుండును. గట్టుపై గాలి తగిలినతోడనే గంధకము పులిసి యామ్లమగును. లోహములు కరగి నీటిలో దిగును. కళాయి లేని యిత్తడిగిన్నెలో చింతపండుపులుసు కాచిన నేమగునో మనకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

మేము దిగిన చెల్లెలి యింటి పెరడు పల్లము. వానకు నీరు నిలుచును. ఒక లారీవాడు వచ్చి, “అమ్మా, రేవుమన్ను, చవుక. అరటికి బ్రహ్మాండముగ నుండును” అనెను. “ఏ మూలనుండి తీసినది? ఎవరు పరీక్షించిరి?” అని మావా రడుగగా వాడు బదులు చెప్పలేకపోయెను. “మన్నే కదా బావా!” యని చెల్లె లనెను. ఆమె చిన్నవాడు మన్ను దినెడి ప్రాయమువాడు. యశోదకు బాలకృష్ణుని నోట భువనములు కన్పట్టినవి. మన బిడ్డల నోట సీసపుమన్ను పడినచో వారి బుద్ధివికాసమే చెడును. ఈ మాట చెప్పగానే చెల్లెలు లారీని మరలించినది.

అట్లని బురదనంతయు పారవేయవలెనా? అక్కఱలేదు. జర్మనీలోని హాంబర్గు రేవువారు 1993 నుండి యొక కర్మాగారమున రేవుబురదను జల్లించి, ఇసుకను వేఱుచేసి కట్టడములకు వాడుచున్నారు. మిగిలిన మెత్తనిమంటిని బిండి, చెత్తదిబ్బలపై నీరు దిగకుండ గప్పుటకు వినియోగింతురు. నెదర్లాండ్సులోని రాటర్‌డాం రేవువారు మిక్కిలి చెడిన బురదకై 1987లో సముద్రతీరమున బెద్ద గుండమే కట్టి, అందు నిలువజేయుచున్నారు. బియ్యమును జల్లించి, నూకలు వేఱు, తవుడు వేఱు, రాళ్లు వేఱు జేయు మన పద్ధతియే యిది.

కావున సోదరులారా, రేవుమన్ను మీ యింటికి వచ్చినచో మూడు సంగతులు గమనింపుడు. అది యెచటిదో, ఎవరు పరీక్షించిరో మొదట విచారింపుడు. ఉప్పును జూచెడి పరీక్ష వేఱు, సీసము, తగరము, నూనెలను జూచెడి పరీక్ష వేఱు; ఒకటి నెగ్గినంత మాత్రమున రెండవది నెగ్గినట్లు కాదు. మంచిమన్నని తేలినను, గట్టు గట్టిన మడిలో బోసి, వానలకు ఉప్పు కడిగిపోవువఱకు ఆగవలెను; ఆ నీరు బావివైపు పాఱకుండ జూచుకొనవలెను. తేలనిచో బాటలక్రిందికో పునాదులకో వాడవచ్చునా యనునది కూడ తెలిసినవారే నిర్ణయింపవలెను గాని, కూరపాదులకును, బిడ్డలాడు పెరటికిని దానిని దరిజేరనీయరాదు.