సైకత లింగంలో సుప్తాగ్ని



మాఘ పౌర్ణమినాడు సముద్రస్నానానికి విచ్చేసే భక్తులచేత సైకత లింగార్చన చేయించడం ముప్పది సంవత్సరాలుగా నా విధులలో ఒకటి. మా భీమునిపట్నం ప్రాంతపు తీరంలో ఇసుక అంతటా ఏకవర్ణంలో ఉండదు. అల వెనుదిరిగినచోట నల్లని చారలు తేలుతాయి. ఆ ఇసుకను పిడికిట పడితే పరిమాణానికి మించిన బరువు. ఆ నలుపు ఇల్మనైట్ అనే ఖనిజానిదనీ, దానిలో కలిసి ఉండే తేనెరంగు రేణువులు మోనజైట్ అనీ, మోనజైట్‌లో థోరియం అనే ధాతువు ఉంటుందనీ నాకు చిరకాలం తెలియదు. ఆ ఇసుకకు లింగాకృతినిచ్చి, ఆవాహన చేసి, అర్చనానంతరం ఉద్వాసన చెప్పి సముద్రుడికి అప్పగించడం మాత్రమే తెలుసు.

కొన్నేళ్ళ క్రితం శివరాత్రి ప్రవచనంలో నేనొక మాట అన్నాను. "కణాద మహర్షి ఏనాడో చెప్పిన పరమాణువునే నేటివారు చీల్చి విద్యుత్తు తీస్తున్నారు" అని. సభలో కరతాళధ్వనులు మిన్నంటాయి. నాకూ ఆనందం కలిగింది. ఆ ఆనందంలో అహంకారం ఎంత ఉన్నదో అప్పుడు గమనించుకోలేదు.

ఆ సభలో నా మేనల్లుడు కూర్చుని ఉన్నాడు. బాల్యంలో నా వద్దనే నాలుగేళ్ళు వేదం చెప్పుకుని, తరువాత లౌకిక విద్యలో ప్రవేశించి, ఇప్పుడు కల్పాక్కంలోని అణు పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్నాడు. ఆ రాత్రి ఇంటి అరుగుమీద కూర్చుని వినయంగా అడిగాడు.

"మావయ్యా, వైశేషికంలో పరమాణువుకు అవయవాలు ఉంటాయా?"

"ఉండవు. అది నిరవయవం, నిత్యం."

"మరి మేము చీలుస్తున్నది పరమాణువు ఎలా అవుతుంది?"

నాకు ఉత్తరం తోచలేదు. చీలేది ఏదైనా సావయవమే. సావయవమైనది అనిత్యమే. ఈ ప్రాథమిక సూత్రాన్ని తర్కం చదువుకున్న నేను వేదికమీద విస్మరించాను. వాడు మరొక్క మాట అన్నాడు. "పనసలో ఒక్క స్వరం తప్పితే మీరు మమ్మల్ని మళ్ళీ మొదటినుంచి చెప్పించేవారు. అక్కడా అంతే మావయ్యా, ఒక్క అతుకు సందేహాస్పదంగా ఉంటే పని ఆపేస్తారు."

ఇంద్రశత్రు శబ్దంలో స్వరం మారి, యజమానికి విపరీత ఫలం కలిగిన వృత్తాంతం శిష్యులకు నేనే ఎన్నోసార్లు బోధించాను. అది నాకే వర్తిస్తుందని ఆ రాత్రి తెలిసింది.

అటుపై వాడు వచ్చినప్పుడల్లా అడిగి తెలుసుకున్నాను. గ్రహించినది నా భాషలో చెబుతాను. ఇది ఉపమానమే గాని ప్రమాణం కాదని మనవి.

గని నుండి వచ్చే యురేనియంలో వెయ్యి పాళ్ళకు ఏడు పాళ్ళే ఎండు సమిధ. అదే యురేనియం-235. మిగిలినదంతా యురేనియం-238, పచ్చి సమిధ. థోరియం కూడా పచ్చి సమిధే, తనంతట అది అగ్నిని అందుకోదు. కాని పచ్చి సమిధను కుండం అంచున పెడితే ఆ వేడికి ఆరి రేపటికి పనికివస్తుంది కదా. అట్లే రియాక్టరులో వెలువడే న్యూట్రాన్‌ను గ్రహించి యురేనియం-238 ప్లుటోనియంగా, థోరియం యురేనియం-233గా పరిణమిస్తాయి. అప్పుడవి ఇంధనానికి అర్హమవుతాయి.

మన దేశంలో యురేనియం స్వల్పం, థోరియం విస్తారం. ఈ సత్యాన్ని ఆధారం చేసుకుని హోమీ భాభా 1954లో మూడు దశల ప్రణాళికను ప్రతిపాదించారు. మొదటి దశలో సహజ యురేనియం మండుతుంది, ప్లుటోనియం లభిస్తుంది. రెండవ దశలో ఆ ప్లుటోనియం మండుతూ, వ్యయమైన దానికంటే అధికంగా కొత్త ఇంధనాన్ని సిద్ధం చేస్తుంది. మూడవ దశలో థోరియం ప్రధానం. గార్హపత్యం లేకుండా ఆహవనీయం లేనట్లే, ముందరి దశ లేకుండా తరువాతి దశ లేదు.

భాభా 1966లో విమాన ప్రమాదంలో దివంగతులయ్యారు. కల్పాక్కంలో ప్రయోగాత్మక ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు 1985లో క్రియాశీలమైంది. యురేనియం-233తో నడిచే కామిని అనే చిన్న రియాక్టరు 1996లో వెలిగింది. దాని సామర్థ్యం 30 కిలోవాట్లే. 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ నిర్మాణం 3,492 కోట్ల రూపాయల అంచనాతో 2004లో ఆరంభమైంది. 2010 నాటికి పూర్తి కావలసినది, కోర్ లోడింగ్ 2024 మార్చిలో గాని మొదలు కాలేదు. ఫలం ఎప్పుడో తెలియని ఇట్టి దీర్ఘసత్రానికి ఏ వర్తకుడు మూలధనం పెడతాడు? ప్రభుత్వమే పూనుకోవాలి. అంటే ప్రజాధనమే హవిస్సు కావాలి.

ఈ వివరాలు తెలిసి నేను నిశ్చింతగా ఉండేవాడినే. కాని ఒకనాటి సంఘటన నన్ను నిద్రపోనివ్వలేదు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చి అక్కడి మత్స్యకార కుటుంబాలు కలవరపడుతున్న రోజులవి. ఆ ప్రాంతంలో కూతురిని ఇచ్చిన ఒక వృద్ధుడు దర్శనానికి వచ్చి, తీర్థం తీసుకుని, చేతులు జోడించి అడిగాడు. "పంతులుగారూ, అదంతా మన ఋషులు చెప్పిందేనని శివరాత్రినాడు తమరే అన్నారు గదండి. అయితే భయం లేదనే గదండీ?"

నా ప్రవచనం ఆయనకు అభయముద్రగా కనిపించింది! సభను రంజింపజేయడానికి నేను అన్న అసత్యవాక్యం ఒక కుటుంబపు భయానికి సమాధానమై కూర్చున్నది. ఆ ఊరు ఉండాలా కదలాలా అని తర్కించుకుంటున్న మనిషి ఋషుల పేర నేనిచ్చిన పూచీని నమ్ముకున్నాడు. ఆ పూచీ ఇవ్వడానికి నాకు ఏ అధికారమూ లేదు.

"నేను తప్పు చెప్పాను నాయనా" అన్నాను. "ఋషులు ఈ అగ్నిని గురించి చెప్పలేదు. మంచిచెడ్డలు దానిని నడిపేవారినే అడగాలి. ఊరు కదిలితే మీకు ఇచ్చేది ఏమిటి, ప్రమాదం వస్తే ఏ దారిన వెళ్ళాలి, మిగిలిన బూడిదను ఎక్కడ ఉంచుతారు, ఈ మూడూ అడగండి. జవాబు కాగితంమీద తీసుకోండి."

ఆయన కొంత నిరాశతోనే వెళ్ళాడు. ధైర్యం కోరి వచ్చినవాడికి ప్రశ్నలిచ్చి పంపాను. అయినా అబద్ధపు ధైర్యం కంటే అది మేలని నా విశ్వాసం.

మరుసటి శివరాత్రికి అదే వేదికమీద నా పూర్వవాక్యాన్ని ఉపసంహరించుకున్నాను. ఈసారి కరతాళధ్వనులు లేవు. ఒక పెద్దమనిషి, "మన శాస్త్రాన్ని మీరే తక్కువ చేస్తే ఎలా స్వామీ?" అని నొచ్చుకున్నారు. వైశేషికం పదార్థతత్త్వ విచారణ ద్వారా నిఃశ్రేయసానికి మార్గం చూపే దర్శనం. దానికి విద్యుత్కేంద్రపు ప్రశంసాపత్రం అవసరమా? అది అవసరమనుకోవడమే దానిని తక్కువ చేయడమని ఆయనకు మనవి చేశాను.

అణు పరిశోధనకు నేను విరోధిని కాను. దీపం లేని ఇంటి కష్టం నాకు తెలుసు. బొగ్గు పొగ కష్టమూ తెలుసు. తాము చూడబోని ఫలం కోసం తరాలుగా శ్రమించేవారిపట్ల నాకు గౌరవమే ఉన్నది. కాని ఆహితాగ్నికి ఉన్న నియమాలు వారికీ ఉండాలని కోరుతాను. అగ్నిని స్వీకరించినవాడు యావజ్జీవం దానికి కాపలా. లోపం జరిగితే దాచడు, ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు. ప్రజాధనం దేవద్రవ్యంతో సమానం, ప్రతి పైసకూ లెక్క చెప్పాలి. జాప్యం జరిగితే కారణం చెప్పాలి.

ప్లుటోనియం-239లో సగం క్షయించడానికే సుమారు 24,000 సంవత్సరాలు పడుతుందట. తీవ్రమైన వ్యర్థాలను గాజులో బంధించి భద్రపరుస్తారని మేనల్లుడు చెప్పాడు. యజమాని గతించినా, వాని మనుమలు గతించినా ఆ బూడిదకు కాపలా ఉండవలసిందే.

గత మాఘ పౌర్ణమికి కూడా సైకత లింగార్చన చేయించాను. చేతికి అంటిన నల్లని ఇసుకలో ఆ తేనెరంగు రేణువులు వెదికాను, దొరికీ దొరకనట్లున్నాయి. ఉద్వాసన చెప్పగానే అల వచ్చి లింగాన్ని తనలో కలుపుకున్నది. ఈ ఇసుకలోని సుప్తాగ్నిని మేల్కొలిపిననాడు దానికి ఇట్టి ఉద్వాసన ఉండదు. మేల్కొలిపేవారు అది ఎరిగి మేల్కొలుపుదురు గాక. చూచేవారు ఎరిగి అడుగుదురు గాక. మధ్యలో నావంటివాడు ఋషుల పేర అసత్యం పలకకుండా ఉండుగాక.

స్వస్తి.