నలభై అయిదేళ్లకి బయోడేటా!

1999లో నాకు సంబంధాలు చూసేటప్పుడు మా నాన్నగారు బయోడేటా రాయించారు. పొడవు, రంగు, నక్షత్రం, కుట్లు అల్లికలు అన్నీ ఆయన చెబుతుంటే పక్కింటి మాస్టారు రాశారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. మళ్లీ ఆ మాట నా విషయంలో వినపడింది మొన్న వేసవిలోనే. ఈసారి పెళ్లికి కాదు, ఉద్యోగానికి. రాయాల్సింది కూడా నేనే!

ఈ వయసులో ఉద్యోగమేమిటని అనుకుంటున్నారు కదూ. మావారు గుమాస్తాగా చేసే రైసుమిల్లు మూతపడింది. ఇప్పుడు ఎరువుల కొట్టులో సగం జీతానికి చేస్తున్నారు. మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. నా గాజులు నాలుగూ బ్యాంకులో ఉన్నాయి. ఇంక పెట్టడానికి మెడలో పుస్తెలు తప్ప ఏమీ లేవు. అలాంటి రోజుల్లో మా తెనాల్లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో పగటిపూట వార్డెన్ కావాలనీ, ఇంటర్ చాలనీ, లెక్కలు రాయడం వచ్చి ఉండాలనీ తెలిసింది. ఫోన్ చేస్తే, "రెజ్యూమె పంపించండమ్మా" అన్నారు.

రాత్రి గిన్నెలు కడిగేసి మావాడి నోట్సులోంచి ఒక కాగితం చింపుకుని కూర్చున్నా. నా పేరు, తండ్రి పేరు, భర్త పేరు, మతం, కులం, పుట్టిన తేదీ, చిరునామా. అంతవరకూ చకచకా వచ్చేసింది. 1997లో ఇంటర్ సి.ఇ.సి. అని రాశా. ఆ కింద 'అనుభవం' అని రాసి పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! చివరికి 'గృహిణి' అని రాశా. 28 ఏళ్లకీ కలిపి ఒక్క ముక్క. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

మా అమ్మాయి హైదరాబాదులో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. ఉద్యోగాలకి వచ్చే దరఖాస్తులన్నీ దాని టేబుల్ మీదకే వస్తాయి. ఫోన్లో ఫొటో తీసి పంపిస్తే చదివి, "అమ్మా, ఇందులో తాతయ్యా నాన్నా ఉన్నారు, నువ్వే లేవు" అంది. మతం, కులం తీసేయమంది. ఆధార్ నంబరు కూడా రాశాను లెండి, అది అసలే వద్దంది. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో ఎవరికి తెలుసు?

తర్వాత అది అడిగిన ప్రశ్న మాత్రం నేను మర్చిపోలేను. "మీ డ్వాక్రా గ్రూపు పుస్తకాలు ఎవరు రాస్తారమ్మా?"

నేనే! 2012 నుంచీ మా గ్రూపుకి రెండో లీడర్ని. పన్నెండు మంది సభ్యులం. పొదుపు, అప్పులు, తీర్మానాలు, బ్యాంకు పని అన్నీ నేనే చూస్తాను. ఇన్నేళ్లలో బ్యాంకు వాయిదా ఒక్కటీ తప్పలేదు. అది అనుభవం కాదా మరి? మా అత్తగారు పక్షవాతంతో మంచాన ఉన్న నాలుగేళ్లూ బి.పి., షుగరు చూసి రోజూ పుస్తకంలో ఎక్కించేదాన్ని. జ్వరమొచ్చిన హాస్టల్ పిల్లని చూసుకోవడానికి అది పనికిరాదా? 'కష్టపడే స్వభావం, నిజాయితీ, ఓర్పు' అని నేను రాసిన వరసంతా మా అమ్మాయి కొట్టేయించింది. అవి అందరూ రాసేవేనట. ఎంతమంది, ఎన్నేళ్లు, ఏం పని అన్నదే చూస్తారట. అత్తగారి సంగతి ముందు రాసుకున్నా గానీ, వాళ్లు అడిగింది లెక్కలు కాబట్టి డ్వాక్రాని పైకి తెచ్చాం. అంతా ఒక్క పేజీలో సరిపోయింది. మధ్యలో ఖాళీ సంవత్సరాలని దాచకుండా, 'ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగం చేయలేదు' అని ఒకే వాక్యం రాశాం.

ఒక తప్పు చేయబోయాను, అదీ చెప్పేస్తా. పెళ్లికి ముందు ఆర్నెల్లు టైపు నేర్చుకున్నా గానీ పరీక్ష రాయలేదు. "లోయర్ పాసని రాసెయ్ వదినా, ఎవరడుగుతారు?" అంది ఎదురింటావిడ. రాశాను కూడా. తెల్లారి లేచి కొట్టేశా. సర్టిఫికెట్ చూపించమంటే నేల చూపులు చూడాల్సింది నేనే కదా!

మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి పంపిన కాగితాన్ని జిరాక్స్ సెంటర్లో టైపు చేయించా. ఆ కుర్రాడు ఎవరిదో పాత రెజ్యూమె తెరిచి, అందులోనే పేర్లు మార్చి ఇచ్చాడు. ఇంటికొచ్చి చదువుకుంటే హాబీస్ దగ్గర 'ప్లేయింగ్ క్రికెట్' అని ఉంది. మావారు నవ్వలేక చచ్చారు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో! మళ్లీ వెళ్లి మార్పించా. డబ్బులిచ్చే ముందు మీరు ప్రతి అక్షరం చదువుకోండి, ఫోన్ నంబరు రెండుసార్లు చూసుకోండి.

పిలుపు వచ్చింది. అక్కడ కూర్చున్న మేడమ్ కాగితం చూస్తూ డ్వాక్రా దగ్గర వేలు ఆపారు. "ఎవరైనా వాయిదా కట్టకపోతే ఏం చేస్తారు?" అని అడిగారు. ఆ ఒక్కదానికి నేను పదినిమిషాలు మాట్లాడాను. కంప్యూటర్ వచ్చా అంటే, "రాదండీ, నేర్చుకుంటాను" అన్నా. గ్రూపు పుస్తకం నా సంచీలోనే ఉంది. తీసి చూపించా.

రెండు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. జీతం పదకొండు వేలు. ఒప్పుకునే ముందు నేనూ ఒకటి అడిగాను, నెలనెలా మా గ్రూపు మీటింగు రోజున ఒక గంట ముందు వెళ్లనివ్వాలని. సరేనన్నారు.