వంట ఎవరు చేస్తారండీ?

ఏలూరులో ప్రాక్టీసు చేసే ఒక జనరల్ ఫిజీషియన్ బీపీ చూశాక, మందులు రాయకముందు, తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. “ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?” షుగరు గురించి, నిద్ర గురించి గబగబా బదులిచ్చేవాళ్లు కూడా ఇక్కడ కాస్త తడబడతారు.

ఈ అలవాటు ఆయనకు 2020 డిసెంబరులో పడింది. ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిన రోజులవి. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఏం తిన్నారు, ఎవరు వండారు, ఏ నీళ్లు తాగారు అని అప్పట్లో వచ్చిన ప్రతివాళ్లనూ అడగాల్సి వచ్చింది. ఆ తరువాత ఆయన ఆ ప్రశ్న మానలేదు.

కైకలూరు వైపు పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, భార్య పోయాక ఏలూరులో ఒంటి పడకగది ఫ్లాటుకు మారారు. కొన్నాళ్లకు మనిషి చిక్కిపోసాగారు. ఆ వయసులో బరువు తగ్గితే ముందు టీబీ, క్యాన్సరు, థైరాయిడ్ చూడాలి. డాక్టరుగారు అన్నీ చూశారు, దేంట్లోనూ తేడా లేదు. చివరికి తిండి సంగతి బయటపడింది. పొద్దున బండి మీద ఇడ్లీ, మధ్యాహ్నం కర్రీ పాయింట్ పొట్లం, రాత్రికి మజ్జిగన్నంలో ఆవకాయ బద్ద. “నా ఒక్కడికీ పొయ్యి ఎందుకండీ” అన్నారు మాష్టారు.

వారానికి రెండుసార్లు కొర్రమీను తెచ్చి స్వయంగా వండుకోమన్నారు డాక్టరుగారు. కొల్లేటి గట్టున పుట్టిన మనిషికి చేప రుచి ఎవరూ చెప్పక్కర్లేదు, వండటమే రాదు. పల్లెలో అయితే పెరట్లో బూడిద రాసి తోమేవారు. ఫ్లాటు సింకులో అది కుదిరే పని కాదు కాబట్టి మార్కెట్టులోనే శుభ్రం చేయించి ముక్కలు కొట్టించుకున్నారు. మిగతాది పక్క ఫ్లాటు ఇల్లాలు గుమ్మంలో నిలబడి చెప్పింది. “ఉప్పు, పసుపు వేసి కడగండి మాష్టారూ. వెడల్పాటి గిన్నె పెట్టండి. పులుసు తెర్లాకే ముక్కలు వేయండి. ఇంక గరిటె పెట్టారంటే ముక్క చితికిపోద్ది. గుడ్డతో పట్టుకుని గిన్నెనే అటూ ఇటూ తిప్పండి.”

మొదటిసారి ఉప్పెక్కువైంది. తరువాత్తరువాత నూనె అంచులకు తేలడం, వాసన మారడం ఆయనకు పట్టుబడింది. ఒకరోజు స్టీలు గిన్నెలో పులుసు పోసి పక్కింటికి పంపారు. మళ్లీ చెకప్‌కు వచ్చినప్పుడు తన ఒంటి సంగతి ఎత్తనేలేదు. పులుసు మర్నాటికి ఎంత బాగా ఊరుతుందో డాక్టరుగారికి వివరించారు. బరువు పెరిగింది.

ఈ డాక్టరుగారి దగ్గరకే వచ్చిన, తాడేపల్లిగూడెంలో అద్దె ఫ్లాటులో ఉండే బ్యాంకు ఉద్యోగినికి నీరసం, ఆయాసం. రక్తపరీక్షలో బీ12 బాగానే ఉంది, ఫోలిక్ యాసిడ్ తక్కువ. ఆ పేరు వచ్చినప్పుడల్లా డాక్టరుగారు యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకుంటారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, స్ప్రూ అనే పేగుల వ్యాధికి ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకు అది మందైంది. ఆ అమ్మాయికి బిళ్లలతోపాటు తోటకూర పప్పు కూడా రాశారు. ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోస్తే ఫోలేటులో చాలా భాగం వాటితోనే పోతుంది. చిన్న కుక్కర్లో పప్పుతో కలిపి వండుకుంటే ఆ బెంగ లేదు. ఆఫీసు నుంచి వచ్చాక అరగంట పని. ఇప్పుడు ఆ అమ్మాయికి ఆ అరగంటే ఇష్టమైన పొద్దు.

కర్రీ పాయింట్లను తప్పుపట్టడం న్యాయం కాదు. ఓపిక లేని రోజున ఆదుకునేవి అవే. కానీ ఆ కూరల్లో ఎంత ఉప్పు పడిందో మనకు తెలియదు. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే అన్నిటిలో కలిపి సుమారు ఒక టీస్పూను, చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పొట్లం కూరతో ఆ లెక్క చూసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

మీ అపార్టుమెంటులోనూ ఒంటరిగా ఉంటూ రోజూ పొట్లాలు తెచ్చుకునే పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఈ ఆదివారం వాళ్లకు కూర గిన్నె ఇచ్చి వచ్చేయకండి. వాళ్ల వంటింట్లో కాసేపు నిలబడి, వాళ్ల చేతే ఒక కూర వండించండి.